బెలూన్ లేవడం తేలిక, నిలవడమే కష్టం: రోజియే నుంచి హైదరాబాద్ దాకా

1783 నవంబరు 21న పారిస్ నగరం మీద తొలిసారి ఇద్దరు మనుషులు గాలిలో తేలారు. పది రోజులకు, డిసెంబరు 1న, అదే నగరం మీద మరో ఇద్దరు తేలారు. చాలా పుస్తకాలు ఈ రెండు ప్రయాణాలనూ ఒకే కథగా కలిపి చెప్పేస్తాయి. కానీ అవి రెండు వేర్వేరు యంత్రాలు. మొదటిది వేడి గాలితో లేచి 25 నిమిషాల్లో దిగింది. రెండోది హైడ్రోజన్‌తో లేచి రెండు గంటలకు పైగా నిలిచింది. మొదటిదాన్ని కట్టినవాళ్లకు అదెందుకు లేస్తోందో సరిగ్గా తెలియదు. రెండోదాన్ని కట్టినవాడికి లెక్కతో సహా తెలుసు. ఈ రెండు దారులను విడదీసి చూస్తే తప్ప బెలూన్ల చరిత్రలో ఎవరు ఎందుకు గెలిచారో, ఎవరు ఎందుకు చనిపోయారో అర్థం కాదు.

ముందు లెక్క చూద్దాం. సముద్రమట్టం దగ్గర, 15 డిగ్రీల చలిలో ఒక ఘనపు మీటరు గాలి 1.225 కిలోలు తూగుతుంది. ఆ గాలినే 100 డిగ్రీలకు కాస్తే పలచబడి సుమారు 0.95 కిలోలకు తగ్గుతుంది. తేడా 280 గ్రాములు. వేడి గాలి బెలూన్‌లోని ప్రతి ఘనపు మీటరూ మోయగలిగే బరువు అంతే. హైడ్రోజన్ అయితే ఘనపు మీటరుకు 85 గ్రాములే తూగుతుంది కాబట్టి 1.14 కిలోలు మోస్తుంది, అంటే నాలుగు రెట్లు. గుడ్డ, తాళ్లు, బుట్ట, మనుషులు అన్నీ కలిపి 500 కిలోలు లేపాలంటే వేడి గాలి దాదాపు 1,800 ఘనపు మీటర్లు కావాలి. హైడ్రోజన్ 440 సరిపోతుంది. నవంబరులో ఎగిరిన బెలూన్ సుమారు 1,700 ఘనపు మీటర్లది, డిసెంబరులో ఎగిరింది 380 ఘనపు మీటర్లది. కాగితం మీది లెక్కకూ ఆ రెండు సంచులకూ ఎంత దగ్గర పోలిక ఉందో చూడండి.

ఇందులోనే మన ఎండలకు సంబంధించిన సంగతి కూడా ఉంది. బయట 35 డిగ్రీలుంటే బయటి గాలే 1.146 కిలోలకు పలచబడుతుంది. లోపల అదే 100 డిగ్రీలున్నా ఘనపు మీటరుకు మిగిలే మోత 200 గ్రాములే. 1,800 ఘనపు మీటర్ల బెలూన్‌కు అది 140 కిలోల నష్టం, అంటే ఇద్దరు మనుషులు కిందే ఉండిపోవాలి. వేడి గాలి బెలూన్లు తెల్లవారుజామునే ఎగరడానికి ఇదొక కారణం. పొద్దెక్కాక నేల వేడెక్కి పైకి లేచే గాలి సుడులు రెండో కారణం.

పొగ కాదు, వేడి

దక్షిణ ఫ్రాన్స్‌లోని అనొనే పట్టణంలో మాంట్‌గోల్ఫియర్ కుటుంబానిది కాగితం తయారీ. అన్నదమ్ములు జోసెఫ్, ఎతియెన్‌లు 1783 జూన్ 4న ఊరి జనం ముందు ఎగరేసిన సంచి గోనెగుడ్డది, లోపల కాగితం అస్తరు. విడివిడి ముక్కలను దాదాపు 1,800 గుండీలతో కలిపారు. బరువు సుమారు 225 కిలోలు. అది పది నిమిషాలు గాలిలో ఉండి రెండు కిలోమీటర్ల అవతల పడింది. గుండీల సందుల్లోంచి వేడి గాలి కారిపోతుంటే అంతకుమించి నిలవడం ఎలా సాధ్యం?

సంచిని లేపేది పొగలో ఉన్న ఏదో ప్రత్యేక వాయువని వాళ్ల నమ్మకం. అందుకే పొగ బాగా రావాలని తడి గడ్డి, ఉన్ని వేసి మంట పెట్టేవారు. పొగ ఏమీ చేయదు. పైగా తడి గడ్డిని ఆరబెట్టడానికే మంట వేడిలో కొంత ఖర్చయిపోతుంది. తప్పు సిద్ధాంతంతో సరైన ఫలితం వచ్చిన సందర్భమిది. సిద్ధాంతం తప్పు కావడంతోనే వాళ్ల బెలూన్ చాలాకాలం ఎదగలేకపోయింది. ఏది మోస్తోందో తెలియనప్పుడు దేన్ని మెరుగుపరచాలో ఎలా తెలుస్తుంది?

సెప్టెంబరు 19న వర్సాయ్‌లో రాజు ముందు గొర్రెను, బాతును, కోడిపుంజును ఎక్కించి పంపారు. ఇది వినోదంగా కనిపిస్తుంది కానీ చక్కగా ఆలోచించిన ప్రయోగం. బాతుకు ఎత్తులో ఎగరడం అలవాటే, కాబట్టి దానికి హాని జరిగితే తప్పు ఎత్తుది కాదు, యంత్రానిది. పుంజు పక్షే అయినా ఎత్తుకు పోదు. గొర్రె నేల మీది జంతువు, ఒంటి తీరులో మనిషికి దగ్గర. ఎనిమిది నిమిషాల తర్వాత మూడూ బతికే దిగాయి. ఆ సంచిని తయారు చేయడంలో గోడ కాగితాల వ్యాపారి రెవెయో సాయపడ్డాడు. నిప్పు తొందరగా అంటకుండా గుడ్డకు పటిక కలిపిన పూత పూశారు.

ఇక నవంబరు 21న పిలాత్ర్ ద రోజియే, మార్క్వి దార్లాంద్ ఎక్కింది బుట్ట కాదు, సంచి మూతి చుట్టూ కట్టిన నడవ. నడుమ ఇనుప పళ్లెంలో మంట. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి గడ్డి వేస్తూ ఉండాలి. ఒకరు పక్కకు జరిగితే సంచి ఒరుగుతుంది. నిప్పురవ్వలకు గుడ్డకు చిల్లులు పడుతుంటే తడి స్పాంజీలతో ఆర్పుకుంటూ సుమారు తొమ్మిది కిలోమీటర్లు ప్రయాణించారు. మంట ఆపితే కిందికి, పెంచితే గుడ్డ అంటుకునే ప్రమాదం. వెంట ఎంత గడ్డి తీసుకెళ్లగలరన్నదే ప్రయాణం పొడవును నిర్ణయించింది.

షార్ల్ ముందే ఆలోచించినవి

చార్లెస్ నియమం అని బడిలో చదువుకుంటాం కదా, ఆ చార్లెసే జాక్ షార్ల్. అనొనే వార్త పారిస్‌కు చేరినప్పుడు అక్కడ ఏ వాయువు వాడారో స్పష్టంగా తెలియలేదు. 1766లోనే హెన్రీ కావెండిష్ హైడ్రోజన్ గుణాలను వివరించాడు కాబట్టి, లేచేది అదే అయి ఉంటుందని షార్ల్ దాన్ని పట్టుకున్నాడు. చిక్కు ఏమిటంటే హైడ్రోజన్ కాగితంలోంచి, మామూలు గుడ్డలోంచి కారిపోతుంది. పారిస్‌లో యంత్రాలు తయారు చేసే రోబేర్ సోదరులు రబ్బరును టర్పెంటైన్‌లో కరిగించి పట్టుగుడ్డకు పూశారు. ఆ పూతే గ్యాస్ బెలూన్‌కు ప్రాణం పోసింది.

35 ఘనపు మీటర్ల చిన్న బెలూన్ నింపడానికి సుమారు 500 కిలోల ఇనుప ముక్కలు, 250 కిలోల గంధకామ్లం వాడారు. వాయువు వేడిగా, తేమతో వచ్చేది. సంచిలో చల్లారి కుంచించుకుపోయేది, తేమ నీరుగా మారి గుడ్డను తడిపేది. నింపడానికే రోజులు పట్టింది. ఆగస్టు 27న వదిలితే ముప్పావు గంటలో గోనెస్ గ్రామం దగ్గర దిగింది. ఆకాశంలోంచి ఊడిపడి బుసకొడుతున్న ఆ సంచిని చూసి హడలిపోయిన రైతులు పంగలకర్రలతో పొడిచి చీల్చేశారు.

కానీ వాళ్లు పొడవకముందే అది పైన చినిగింది. మూతి బిగించి నిండుగా నింపి వదలడమే కారణం. పైకి పోయేకొద్దీ బయటి ఒత్తిడి తగ్గుతుంది. అయిదున్నర కిలోమీటర్ల ఎత్తులో అది నేల మీది దానిలో సగమే. లోపలి వాయువు రెట్టింపు చోటు కోరుతుంది. దారి లేకపోతే గుడ్డ చినగక తప్పదు.

షార్ల్ ఈ తప్పును మూడు నెలల్లో దిద్దుకున్నాడు. డిసెంబరు 1న ఎగిరిన బెలూన్‌లో కింద మూతి తెరిచే ఉంది, ఎక్కువైన వాయువు దానంతటదే పోతుంది. పైన తాడుతో తెరిచే వాల్వ్ ఉంది, దిగాలంటే అది లాగాలి. సంచి పైభాగం మీద వల పరిచి బుట్ట బరువును గుడ్డ మీద ఒకేచోట కాకుండా అంతటా పంచాడు. ఎక్కాలంటే పారబోయడానికి ఇసుక, ఎత్తు కొలవడానికి బారోమీటర్ పెట్టుకున్నాడు. ఈనాటి గ్యాస్ బెలూన్ పైలట్ ఆ బుట్టలోకి అడుగుపెడితే ఏ వస్తువు దేనికో ఎవరూ చెప్పనక్కర్లేదు. బెలూన్ చరిత్రలో అందరికంటే గొప్పవాడు ఎవరంటే నా ఓటు షార్ల్‌కే. ఆ సోదరుల్లో ఒకడైన నికొలా లూయీ రోబేర్‌తో కలిసి 36 కిలోమీటర్లు పోయి దిగాక, షార్ల్ ఒంటరిగా మళ్లీ ఎక్కాడు. ఒక మనిషి బరువు తగ్గినా దానికి సరిపడా ఇసుక వేసుకోకపోవడంతో బెలూన్ ఒక్కసారిగా సుమారు 3,000 మీటర్లకు దూసుకుపోయింది. చెవిలో భరించలేని పోటు వచ్చింది. అదే రోజు రెండోసారి సూర్యాస్తమయం చూశాడు. మళ్లీ ఎప్పుడూ బెలూన్ ఎక్కలేదు.

రెండు జేబులు

గ్యాస్ బెలూన్ పైలట్‌కు రెండు జేబులుంటాయి. ఒకదాన్లో ఇసుక, ఇంకోదాన్లో వాయువు. ఎక్కాలంటే మొదటి జేబులోంచి, దిగాలంటే రెండో జేబులోంచి ఖర్చు పెట్టాలి. ఖర్చయింది తిరిగి రాదు.

ఈ ఖర్చును పైలట్ చేయకపోయినా సూర్యుడు చేయిస్తాడు. ఎండలో వాయువు వేడెక్కి వ్యాకోచిస్తుంది, బెలూన్ పైకి పోతుంది, ఎక్కువైనది మూతిలోంచి పోతుంది. పొద్దు వాలితే మిగిలింది చల్లబడి కుంచించుకుంటుంది. 10 డిగ్రీలు చల్లబడితే పరిమాణం సుమారు 3.5 శాతం తగ్గుతుంది. మొత్తం మూడు టన్నుల బెలూన్ అనుకుంటే ఆ ఒక్క సాయంత్రం వంద కిలోలకు పైగా ఇసుక పారబోస్తే తప్ప అదే ఎత్తులో నిలవదు. మబ్బు కమ్మినా, వాన తడిసినా, మంచు పేరుకున్నా ఇదే తంతు. గ్యాస్ బెలూన్ ఎన్ని రాత్రులు నిలుస్తుందనేది ఎన్ని ఇసుక బస్తాలున్నాయనే ప్రశ్నతో సమానం.

1785 జనవరి 7న బ్లాంషార్, జెఫ్రీస్ ఇంగ్లీష్ చానెల్ దాటినప్పుడు జేబులు రెండూ సముద్రం మధ్యలోనే ఖాళీ అయ్యాయి. ఇసుక అయిపోయింది. లంగర్లు, తెడ్లు, చివరికి ఒంటి మీది బట్టలు కూడా విసిరేసి ఫ్రాన్స్ తీరం చేరారు.

అదే ఏడు రోజియే ఫ్రాన్స్ వైపు నుంచి ఇంగ్లండ్‌కు దాటాలనుకున్నాడు. ఆయన ఆలోచన చాలా తెలివైనది. పైన హైడ్రోజన్ గోళం, కింద వేడి గాలి గొట్టం. మోత ఎక్కువ భాగం హైడ్రోజన్‌ది, ఎక్కడం దిగడం మాత్రం మంటతో. ఇసుకా వాయువూ ఖర్చు కావు. కానీ మండే వాయువు కింద మంట పెట్టడమంటే ఏమిటో అప్పటికీ అందరికీ తెలుసు. జూన్ 15న బులోన్ దగ్గర లేచిన అరగంటకు బెలూన్ కూలి రోజియే, తోటి ప్రయాణికుడు రొమేన్ చనిపోయారు. హైడ్రోజన్ అంటుకుందని కొందరు, గుడ్డ చిరిగిందని కొందరు అంటారు. ఆకాశయానంలో మొదట ఎగిరినవాడే మొదటి మృతుల్లో ఒకడయ్యాడు. ఆలోచన తప్పు కాదు. దానికి కావలసిన వాయువు అప్పటికి లోకానికి తెలియదు.

తర్వాతి వంద ఏళ్లు ఈ రెండు జేబులను పొదుపుగా వాడే ఉపాయాల చరిత్రే. లండన్‌కు చెందిన చార్లెస్ గ్రీన్ 1821లో వీధి దీపాల బొగ్గు గ్యాస్‌తో బెలూన్ నింపాడు. మోత హైడ్రోజన్‌లో సగానికి కాస్త ఎక్కువే కానీ ఆమ్లం, ఇనుము, రోజుల తరబడి ఎదురుచూపు అక్కర్లేదు, గొట్టం తిప్పితే చాలు. ఆయన వాడకంలోకి తెచ్చిన ఇంకో వస్తువు కింద వేలాడే పొడవాటి బరువు తాడు. బెలూన్ కిందికి దిగితే తాడు కొంత నేల మీద పడుతుంది, ఆ మేరకు బరువు తగ్గి బెలూన్ ఆగుతుంది. పైకి లేస్తే తాడు మళ్లీ వేలాడి బరువు పెరుగుతుంది. అది పారబోసినా తిరిగొచ్చే ఇసుక. 1836 నవంబరులో ముగ్గురు మనుషులతో లండన్ నుంచి జర్మనీలోని వైల్‌బర్గ్ దాకా, రాత్రంతా కలుపుకుని 18 గంటలు, సుమారు 770 కిలోమీటర్లు పోగలిగారు. ఆ తాడు మీదే భారం వేసిన స్వీడన్ సాహసి ఆంద్రే 1897లో మరో ఇద్దరితో ఉత్తర ధ్రువానికి బయల్దేరాడు. నేలను ఈడ్చే తాళ్లతో వేగం తగ్గించి తెరచాపతో దిశ మార్చాలని ఆయన పథకం. లేచిన నిమిషాల్లోనే తాళ్ల కింది భాగాలు మరలు ఊడి పోయాయి. తేలికైన బెలూన్ పైకి పోయి వాయువు కోల్పోయింది, తర్వాత మంచు పేరుకుని నేలకు తాకుతూ ఆగిపోయింది. ముగ్గురూ మంచు ఎడారిలో చనిపోయారు. వాళ్ల అవశేషాలు 1930లో గానీ దొరకలేదు.

ఎత్తు చంపే తీరు వేరు. 1862 సెప్టెంబరు 5న గ్లైషర్, కాక్స్‌వెల్ దాదాపు 8,800 మీటర్లు దాటారు. గ్లైషర్ స్పృహ తప్పాడు. చిక్కుపడిన వాల్వ్ తాడు కోసం పైనున్న వలయం మీదికి ఎక్కిన కాక్స్‌వెల్ చేతులు చలికి కొయ్యబారిపోయాయి. తాడును పళ్లతో కరిచి లాగి ఇద్దర్నీ కిందికి తెచ్చాడు. 1875లో జెనిత్ అనే బెలూన్‌లో ముగ్గురు ఆక్సిజన్ సంచులు పక్కన పెట్టుకునే పోయారు. ఆక్సిజన్ తగ్గినప్పుడు బాధ తెలియదు, హాయిగానే ఉంటుంది. గొట్టం అందుకోవాలనుకునేసరికి చేయి లేవదు. ఇద్దరు పైనే చనిపోయారు, తిసాందియే ఒక్కడే బతికాడు.

గుంటూరుకు వచ్చిన ఖగోళవేత్త

1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణం చూడడానికి ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్ గుంటూరు వచ్చాడు. గ్రహణ వేళ సూర్యుడి అంచున లేచే జ్వాలల కాంతిని వర్ణపటంగా విడదీసి చూశాడు. అదే గ్రహణాన్ని మచిలీపట్నం నుంచి మద్రాసు ఖగోళశాలకు చెందిన పోగ్‌సన్ పరిశీలించాడు. ఆ అక్టోబరులో ఇంగ్లండ్‌లో లాక్యర్ కూడా పరిశీలించాక, ఆ కాంతిలోని పసుపు గీత భూమ్మీద ఎరిగిన ఏ మూలకానిదీ కాదని తేలి, దానికి హీలియం అని పేరు పడింది. హైడ్రోజన్ మోసే బరువులో 92 శాతం దాకా మోసే, ఏమాత్రం మండని వాయువు అది. రోజియేకు లేనిది అదే.

రెండేళ్ల తర్వాత పారిస్‌ను జర్మన్ సైన్యం చుట్టుముట్టింది. నగరం నుంచి బయటికి దారి ఆకాశం ఒక్కటే. రైలు స్టేషన్లనే కార్ఖానాలుగా మార్చి, నూలుగుడ్డకు అవిసెనూనె వార్నిష్ పూసి, 2,000 ఘనపు మీటర్ల బొగ్గు గ్యాస్ బెలూన్లు అరవైకి పైగా పంపారు. నడిపినవాళ్లలో చాలామంది నావికులు. ఉత్తరాలు వెళ్లాయి, మంత్రి గాంబెత్తా వెళ్లాడు, ఒక బెలూన్ ఏకంగా నార్వే కొండల్లో దిగింది. వెళ్లడమే తప్ప గాలి మీద తిరిగి రావడం లేదు కాబట్టి జవాబులు పావురాలు తెచ్చేవి. డిసెంబరు 2న వెళ్లిన బెలూన్‌లో ఉన్నది మన గుంటూరుకు వచ్చిన జాన్సెనే. అల్జీరియాలో ఆ నెల 22న మరో గ్రహణం ఉంది. ముట్టడి దాటి, సముద్రం దాటి అక్కడికి చేరాడు. ఆ రోజు మబ్బు పట్టింది.

రోజియే ఆలోచన మళ్లీ

ఇరవయ్యో శతాబ్దంలో రెండు దారులూ విడివిడిగా ముదిరాయి. 1931 మే 27న ఆగస్ట్ పికార్, కిప్‌ఫర్ గాలి చొరని అల్యూమినియం గోళంలో కూర్చుని 15,781 మీటర్లు ఎక్కారు. వాల్వ్ తాడు చిక్కుకుపోవడంతో దిగే దారి లేక, సాయంత్రం వాయువు చల్లబడేదాకా పైనే ఉండి ఆస్ట్రియాలో ఒక హిమానీనదం మీద దిగారు. ఎప్పుడూ శత్రువైన సూర్యాస్తమయం ఆ ఒక్కసారి వాళ్లను కాపాడింది.

వేడి గాలి బెలూన్‌ను తిరిగి లేపినవాడు ఎడ్ యోస్ట్. గడ్డి మంట స్థానంలో ప్రొపేన్ బర్నర్, కాగితం స్థానంలో నైలాన్ పెట్టి 1960 అక్టోబరు 22న నెబ్రాస్కాలో గంటన్నరకు పైగా ఎగిరాడు. ఈనాడు పర్యాటకులు ఎక్కే వేడి గాలి బెలూన్లన్నీ ఆ వంశానివే. వీటిని నడపడంలో అసలు కష్టం ఆలస్యం. 2,800 ఘనపు మీటర్ల సంచిలోని గాలే దాదాపు మూడు టన్నులు. బర్నర్ ఇప్పుడు వెలిగిస్తే బెలూన్ కొన్ని సెకన్ల తర్వాత గానీ స్పందించదు. కొత్తవాళ్లు ఆగలేక ఇంకాస్త మండించి అవసరానికి మించి ఎక్కేస్తారు, తర్వాత అదే తొందరతో దిగేస్తారు. అనుభవజ్ఞులు చిన్నచిన్న మంటలు ముందుగానే ఇస్తారు. దిగిన వెంటనే ఎవరూ బుట్టలోంచి దూకకూడదన్న నియమం కూడా షార్ల్ ఒంటరి ప్రయాణం నేర్పిన పాఠమే. 2013 ఫిబ్రవరిలో ఈజిప్టులోని లక్సర్‌లో దిగుతుండగా ఇంధన గొట్టం దగ్గర మంటలు లేచి, పైలట్, ఒక ప్రయాణికుడు బయటపడగానే బెలూన్ పైకి దూసుకుపోయింది. 19 మంది చనిపోయారు.

ఒట్టి హీలియం బెలూన్ 1978లో అట్లాంటిక్ దాటింది, 137 గంటల్లో. భూమిని చుట్టడానికి అది చాలదు, ఇసుక చాలదు గనుక. అక్కడే రోజియే ఆలోచన తిరిగి వచ్చింది. పైన హైడ్రోజన్ బదులు హీలియం, కింద వేడి గాలి కోసం ప్రొపేన్ బర్నర్. పగలు సూర్యుడే వేడి చేస్తాడు. రాత్రి ఇసుక పారబోసే బదులు బర్నర్‌తో హీలియాన్ని వెచ్చగా ఉంచితే చాలు. ఈ జాతి బెలూన్లను ఇప్పటికీ రోజియే బెలూన్లనే పిలుస్తారు. 1999 మార్చి 1న స్విట్జర్లాండ్‌లో బయల్దేరి, 19 రోజుల 21 గంటల 47 నిమిషాల తర్వాత ఈజిప్టులో దిగి, ఆగకుండా భూమి చుట్టిన మొదటి బెలూన్ ఇలాంటిదే. నడిపిన ఇద్దరు బ్రయన్ జోన్స్, ఆగస్ట్ పికార్ మనవడు బెర్ట్రాండ్ పికార్.

హైదరాబాద్ మీద తెల్లవారుజామున

షార్ల్ పద్ధతి పూర్తిగా అలాగే సాగుతున్నది మన హైదరాబాద్‌లో. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ నడిపే బెలూన్ కేంద్రం నుంచి పలచని పాలిథీన్ సంచులు హైడ్రోజన్ నింపుకుని 30, 40 కిలోమీటర్ల ఎత్తుకు పరికరాలు మోసుకెళ్తాయి. 40 కిలోమీటర్ల పైన గాలి నేల మీది దానిలో సుమారు 300వ వంతే. కాబట్టి నేల మీద సంచి పైకొసలో చిన్న బుడగంత వాయువే నింపుతారు, మిగతా పాలిథీన్ అంతా చీర కుచ్చెళ్లలా ముడుచుకుని వేలాడుతుంది. నిండుగా నింపి మూతి బిగించిన 1783 ఆగస్టు బెలూన్ చేసిన తప్పు ఇక్కడ జరగదు. 2005లో ఇక్కడినుంచి ఎగిరిన ఒక బెలూన్ 2.67 కోట్ల ఘనపు అడుగులది. ద్రవ నియాన్‌తో చల్లబరచిన 459 కిలోల పరికరంతో 20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య గాలిని పట్టి తెచ్చింది. అందులో అంతకుముందు ఎరగని మూడు బ్యాక్టీరియా జాతులు దొరికాయి.

పని పూర్తయ్యాక పరికరాన్ని బెలూన్ నుంచి విడదీస్తారు. అది రంగుల పారాచూట్ మీద ఏ చేలోనో దిగుతుంది. అందుకే ప్రయోగాల ముందు పత్రికల్లో ఒక ప్రకటన వస్తుంది: మీ పొలంలో పారాచూట్, దాని కింద తాడుకు కట్టిన పెట్టెలు కనిపిస్తే ముట్టుకోవద్దు, విప్పవద్దు, దగ్గరలోని పోలీసులకు చెప్పండి. గోనెస్ రైతులు షార్ల్ బెలూన్‌ను పొడిచి చింపేసిన తర్వాత, ఆకాశంలో ఇలాంటివి కనిపిస్తే భయపడవద్దని ఫ్రాన్స్ ప్రభుత్వం ప్రజలకు ప్రకటన ఇచ్చింది. అది 1783లో.